మిగిలిపోయిన బోల్టు

దూర ప్రయాణాలకని ముచ్చటపడి కొన్న ఆ పాత మోటారు సైకిలు గుమాస్తాగారి వరండా దాటి ఎరగదు. ఆదివారం తెల్లారగానే ఆయన చొక్కా చేతులు మడిచి, ఇంజనంతా విప్పి, కిరసనాయిలుతో కడిగి, పసిపిల్లకు ఒళ్ళు తుడిచినట్టు తుడిచి, సాయంత్రానికల్లా బిగించేస్తారు. బండి ఒక్క కిక్కుకే అందుకుంటుంది. కానీ ప్రతిసారీ పళ్ళెంలో ఒక బోల్టు మిగిలిపోతుంది. "ఇది ఎక్కడిదో తేలందే బండి రోడ్డెక్కకూడదు," అంటూ పై ఆదివారం మళ్ళీ విప్పుతారు.

మొన్న టీ తెచ్చిన భార్య పళ్ళెంలోకి తొంగి చూసి, "అయ్యో రాత, ఇది నా కుట్టుమిషనుది కదండీ! ఇక్కడే మిషను తుడుస్తుంటే ఊడి ఎటో పోయింది. మీ బండికి ఏ లోటూ లేదన్నమాట! పదండి, అలా తిరిగొద్దాం," అంటూ చెప్పులు వేసుకుంది. గుమాస్తాగారు నిగనిగలాడే బండిని, గేటు అవతలి రోడ్డును బితుకుబితుకుమంటూ చూశారు. తర్వాత పానా అందుకుని కుట్టుమిషను వైపు నడుస్తూ, "తొందరెందుకే? ముందు దీన్ని విప్పి చూద్దాం," అన్నారు.