ఎల్బీ నగర్‌లో నా ఒళ్లో పెట్టిన పాప

తెలంగాణ ఉద్యమం రోజుల్లో రాజమండ్రి నుంచి హైదరాబాద్ వెళ్తుంటే ఎల్బీ నగర్‌లో రాస్తారోకోకి మా బస్సు ఆగిపోయింది. చౌటుప్పల్‌లో ఎక్కి నా పక్కన కూర్చున్న గర్భిణి, చంకలోని పాపను నా ఒళ్లో పెట్టింది. "జర చూడక్కా, నేను గూడ పోయి రోడ్డు మీద కూసుంట."

"నేను ఆంధ్రా నుంచి వచ్చానమ్మా," అన్నాను.

"అయితే ఏంది? మా లొల్లి సర్కారుతోని, నీతోని గాదు."

బిడ్డను ఎవరి దగ్గర వదలాలో తెలియకే మా ఆయనా నేనూ పిల్లలు వద్దనుకున్నాం. ఉండబట్టలేక అడిగాను. "ఈ రోజుల్లో ఎవరిని నమ్మి రెండో బిడ్డను కంటున్నావు?"

"మా గల్లీల అందరు లేరా? అందర్ని అనుమానిస్తే ఒక్కర్ని గూడ కనలేం," అని దిగిపోయింది. రోడ్డు మధ్య కూర్చుని, చెయ్యెత్తి నినాదాలు ఇచ్చింది. బస్సు వైపు తిరిగి చూడనైనా లేదు. పాప నా కొంగు నోట్లో పెట్టుకుని నిద్రపోయింది.

దారి తెరిచాక వచ్చి పాపను ఎత్తుకుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి వెళ్లిపోయింది.

తర్వాత మాకు అమ్మాయి పుట్టింది. నేను ఆఫీసుకు వెళ్తూ, పక్కింట్లోకి కొత్తగా వచ్చినావిడకు పాపను అప్పగించబోతే, ఊరికి తిరుగు ప్రయాణమవుతున్న మా అత్తగారు అడ్డం నిలబడ్డారు.

"వాళ్లెవరో మనకు తెలుసా?"

"తెలుసుకుంటాం లెండి," అని పాపను ఎత్తుకుని గుమ్మం దాటాను.