ఊదా గీత

మా కాలేజీ ఫిజిక్సు ల్యాబులో జాన్ బాషా అటెండరు. చదివింది ఐదో తరగతి. అయినా పాదరసపు దీపం వెలిగించి స్పెక్ట్రోస్కోపులో కన్ను పెడితే, ఆకుపచ్చ గీత 5461 ఆంగ్‌స్ట్రాములు, ఊదా గీత 4358 అంటూ తరంగదైర్ఘ్యాలతో సహా సొంత పిల్లల్ని పిలిచినట్లు పిలిచేవాడు. ఏటా పరీక్షల ముందు ఏ గీత స్కేలు మీద ఎక్కడ పడిందో అతను చెప్పేవాడు, డిమాన్‌స్ట్రేటరునైన నేను గ్రాఫు గీసేవాణ్ణి. తెలియని దీపాల రంగు కొలవడానికి విద్యార్థులకు ఆ గ్రాఫే ఆధారం. సరిచూసే ఓపిక నాకెప్పుడూ లేదు.

1963లో మిరప కోతలప్పుడు ఒకరోజు కన్ను నలుపుకుంటూ వచ్చాడు. అతనూ భార్య షాజాదీ ఇంట్లో మిరపకాయలకు తొడిమలు తీస్తున్నారు. ఆ రోజుల్లో మా ఊళ్ళో కళ్ళు మండనిదెవరికి?

"కన్ను సలుపుతోందండి. బల్బు చుట్టూ రంగురంగుల ఉంగరాలు కనపడుతున్నాయి," అన్నాడు.

"అయితే ప్రిజం నీ కంట్లోనే ఉందన్నమాట," అన్నాను.

ల్యాబంతా నవ్వింది. అతనూ నవ్వాడు. నా తెలివి తెల్లారినట్లే ఉంది. వెలుతురు గురించి పాఠం చెప్పి జీతం తీసుకునేవాణ్ణి నేను.

మరుసటి ఏడు గ్రాఫు గీశాక, ఎందుకో బుద్ధి పుట్టి సోడియం దీపం పెట్టి చూశాను. దాని పసుపు 5893 రావాలి. గ్రాఫు ప్రకారం ఆరు వేలు దాటింది. నెల క్రితమే ప్రిజం తీసి, తుడిచి మళ్ళీ బిగించాం కాబట్టి గీతలన్నీ జరిగి ఉండాలి. జాన్ బాషా చెప్పిన అంకెలు మాత్రం పోయినేటివే. నోటికొచ్చినట్లు తిట్టాను. అతను తల వంచుకుని అంతా విన్నాడు.

"ఊదా గీత పోయి ఏడాదైందండి. ఈ ఏడు ఆకుపచ్చ కూడా పోయింది. ఉద్యోగం తీసేస్తారని పాత అంకెలు ఒప్పజెప్పాను," అన్నాడు.

గుంటూరు ఆస్పత్రికి నేనే తీసుకెళ్ళాను. డాక్టరు చాలాసేపు చూసి, రెండు కళ్ళ నరాలూ చచ్చిపోయాయని, ఇక చేసేదేమీ లేదని చెప్పాడు. మొదట్లో దీపం చుట్టూ రంగుల ఉంగరాలు కనపడి ఉంటాయని, అప్పుడే వస్తే చూపు నిలిపేవాళ్ళమని కోప్పడ్డాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదా అని అడిగాడు.

జాన్ బాషా నాకోసం తల తిప్పాడు. నేను కుడిపక్కనుంటే, అతను ఎడమపక్క వెతికాడు.

"లేదండి, ఎవరికీ చెప్పలేదు. మిరప ఘాటనుకున్నాను," అన్నాడు.

నేను అక్కడే నిలబడి ఉన్నాను.