తప్పు మాదేనండీ

ఆఫీసులో అందరూ సారీ పిన్ని అని పిలిచే ఆవిడ, ఎవరు ఫోన్ చేసినా ముందు క్షమాపణ చెప్పేస్తుంది, ఎందుకు చేశారో ఆ తర్వాత అడుగుతుంది. కాలికి కుర్చీ తగిలితే కుర్చీకి చెబుతుంది. లిఫ్టు ఆలస్యమైతే వెనక నిలబడ్డవాళ్లకి చెబుతుంది. ఆ మెతకదనం చూసుకునే ఆఫీసు ఆమె నెత్తికెక్కింది. కొత్త కెర్నెల్ రాసినవాళ్లకి ప్రమోషన్లు, దానివల్ల పని ఆగిపోయిన బయటి డెవలపర్ల తిట్లు పిన్నికి. ఆమె ఎన్నడూ ఇదేమిటని అడగలేదు.

కెర్నెల్ అంటే కంప్యూటర్లో అన్నిటికీ అడుగున ఉండి పని నడిపించేది. బయటి కంపెనీలు దాన్ని నమ్ముకుని తమ పరికరాలని నడిపే ప్రోగ్రాములు, అంటే డ్రైవర్లు, రాసుకుంటాయి. లోపలివాళ్లు వెర్షన్ మార్చినప్పుడల్లా ఏదో ఒకటి పీకేస్తారు. అందుకే పిన్ని బల్ల మీదా కిందా పాత వెర్షన్ల డొక్కు మెషీన్లు గురకపెడుతుంటాయి. ఎవరి కష్టం ఏ వెర్షన్‌లో ఉంటే ఆ మెషీను ముందు కూర్చుంటుంది, దానికీ ఒక సారీ చెప్పి.

కొత్త మేనేజరుకి ఇదంతా తలవంపులుగా ఉండేది. మీటింగులో ఆమె నోరు తెరిస్తే చాలు, అతను బల్ల కిందికి చూసేవాడు. చివరికి పిలిచి చెప్పేశాడు.

"తప్పు మనదని మీరే ఒప్పేసుకుంటే లోకువైపోతాం మేడమ్. ఆ మాట మానేయండి."

"సారీ బాబూ."

"అదే మేడమ్, అదే."

మర్నాడు ఆస్పత్రి మానిటర్లు చేసే చిన్న కంపెనీ నుంచి వీడియో కాల్. కొత్త వెర్షన్ వేశాక వాళ్ల మానిటర్లు కాసేపు నడిచి నల్లబడిపోతున్నాయి. తెర మీద యజమాని, పక్కన చెమటలు కక్కుతున్న డెవలపరు. తప్పు మావాడిదైతే ఇవాళే పంపించేస్తాను, ఎవరిదో తేల్చండి అన్నాడు యజమాని.

మేనేజరు అప్పటికే చూశాడు. ఆ డెవలపరు రాసిన డ్రైవరు వాడుకున్న మెమరీని తిరిగి వదలడంలేదు, అది నిండేసరికి తెర ఆరిపోతోంది. చెబుదామని గొంతు సవరించుకున్నాడు. పిన్ని మాత్రం ఆగలేకపోయింది.

"డ్రైవరు వాడిన మెమరీని పాత వెర్షన్లలో మేమే శుభ్రం చేసేవాళ్లం సార్. ఇప్పుడు మానేశాం. మానేస్తున్నట్టు మీవాడికి ఒక్క ముక్క చెప్పలేదు. తప్పు మాదేనండీ."

మేనేజరు తల వంచి బల్ల కిందికి చూశాడు. బయటివాళ్లకి చెప్పడం దండగని ఆ మార్పు గురించి రాసిన ప్రకటన కొట్టేయించింది తనే.

కాల్ అయ్యాక, తల ఎత్తకుండానే, ఆ డెవలపరు తప్పు కూడా ఉంది కదా అని నసిగాడు.

"ఎందుకు లేదు, ఉంది. విడిగా ఫోన్ చేసి చివాట్లు పెడతా, ఎలా దిద్దుకోవాలో కూడా చెబుతా. యజమాని ముందు ఎందుకు బాబూ? అతనికి ఉద్యోగం పోతుంది. నాకైతే తిట్లేగా."

ఇన్నేళ్ల సారీలూ ఎవరెవరి ఉద్యోగాలు నిలబెట్టాయో తలుచుకుంటే మేనేజరు చెవులు ఎర్రబడ్డాయి. నేనేం చెయ్యగలను మేడమ్ అన్నాడు. పిన్ని మోగుతున్న ఫోన్ తీసి అతని చేతిలో పెట్టింది.

"ఇంకో బయటి డెవలపరు, ఈయనతో మాట్లాడండి. కాస్త చెవికి దూరంగా పట్టుకోండి, అరుస్తాడు."

ఇలాంటి ఆఫీసుల్లో ఉన్నవాళ్లకి ఒక్క మనవి. ఏది పీకేసినా, దాని మీద బతికేవాళ్లకి ముందే చెప్పండి. తిట్లు తినే ఆ కుర్చీలో అప్పుడప్పుడు మీరూ కూర్చోండి.