ఎక్కడికని అడిగిన రోజు

మా చిన్నప్పుడు... కొత్తకోటలో, హైదరాబాద్ నుంచి బెంగళూరు పోయే పెద్ద రోడ్డు పక్కన మాకు చిన్న చాయ్ హోటల్ ఉండేది. రేకుల కప్పు, రెండు బల్లలు, ఒక గ్యాస్ పొయ్యి. పొయ్యి పని బాపుది. వచ్చినవాళ్లను పలకరించే పని బాపు వాళ్లమ్మది, మా అవ్వది...

అవ్వ ఎవరినీ సార్ అనలేదు, మేడమ్ అనలేదు. మనిషి బండి దిగుతుండగానే వయసు చూసి వరస కలిపేసేది.

"రా పెద్దయ్యా, జర నీడకు కూసో."

"ఏం కొడుకా, మొకం గట్ల గుంజుకపోయింది? పొద్దుగాల తిన్నవా లేదా?"

ముక్కూ మొహం తెలియని మీసాల లారీ డ్రైవర్ కూడా "తిన్న అవ్వా" అని చిన్నపిల్లాడిలా జవాబు చెప్పేవాడు...

ఒక్కటి మాత్రం ఎవరినీ అడిగేది కాదు. ఎక్కడికి పోతున్నవని. "దూరమా?" అనేది, అంతే. దారిలో ఉన్న మనిషిని ఎక్కడికని అడిగితే కీడు. పొరపాటున ఎవరైనా అడిగారంటే, ఆ మనిషి కూర్చొని, రెండు గుటుకలు నీళ్లు తాగి, మళ్లీ కొత్తగా బయలుదేరాలి.

"ఎందుకవ్వా?" అన్నాను ఒకసారి.

"బాట వింటది బిడ్డా," అంది. నవ్వలేదు.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. తెలంగాణ వచ్చిన మరుసటి ఏడాది. కొత్తవాళ్లతో మర్యాదగా ఎలా మాట్లాడాలో బడిలో నేర్పుతున్నారు. నమస్కారం పెట్టాలి. పేరు అడగాలి. ఊరు అడగాలి. ఎక్కడికి వెళ్తున్నారో అడగాలి. నోట్‌బుక్‌లో గుండ్రంగా రాసుకుని, అద్దం ముందు చదువుకుని, ఎవరు దొరుకుతారా అని చూస్తున్నాను...

ఆషాఢం ఆదివారం. వాన లేదు, గాలీ లేదు. మబ్బు మాత్రం రేకుల మీదికి దిగినట్టుంది. ముప్పై ఏళ్ల మనిషి మోటార్ సైకిల్ ఆపి, స్టీలు టిఫిన్ డబ్బా బల్ల మీద పెట్టి చాయ్ అడిగాడు. అవ్వ నీళ్లు తేవడానికి వెనక్కి వెళ్లింది. బాపు చాయ్ గ్లాసు అందించి, మళ్లీ పాలు కాయడానికి పొయ్యి వైపు తిరిగాడు.

ఇదే సమయం అనుకున్నాను. చేతులు జోడించాను.

"నమస్కారమండీ. మీరు ఎక్కడికి వెళ్తున్నారు?"

తొందరలో పేరు, ఊరు మరిచిపోయి నేరుగా చివరి ప్రశ్న అడిగేశాను...

ఆయన గ్లాసు నోటి దగ్గరే ఆగింది. తర్వాత నవ్వాడు. "కర్నూలు దవాఖానకు తల్లీ. మా ఇంటామె కాన్పుకు పోయింది. పొద్దుగాల నొప్పులు షురువైనయని ఫోనొచ్చింది."

వెనక చెంబు కిందపడిన చప్పుడు. అవ్వ తడి చీరతోనే పరుగెత్తుకొచ్చింది.

"కొడుకా, పిల్లది తెల్వక అడిగింది. జర కూసో. రెండు గుటుకల నీళ్లు తాగి పో."

"గిప్పుడు గూడ గివన్నీ ఏందవ్వా!" చాయ్ సగంలో వదిలి లేచాడు. "కూసుంటే బిడ్డ నాకంటే ముందొస్తది." నా తల నిమిరి, బండి కిక్ కొట్టాడు.

"ఒక్క గుటుక తాగు కొడుకా..." అవ్వ గ్లాసు పట్టుకుని రోడ్డు దాకా వెళ్లింది. బండి పోయింది. గ్లాసు అలాగే చేతిలో ఉంది...

టిఫిన్ డబ్బా బల్ల మీదే ఉంది.

"ముందల యాదికొస్తది, మర్లి వస్తడు," అన్నాడు బాపు. ముగ్గురమూ రోడ్డునే చూస్తూ నిలబడ్డాం. గంట దాటింది. పెబ్బేరు వైపు ఒక అంబులెన్స్ పోయింది. కాసేపటికి ఇంకొకటి.

ఆ వైపు నుంచి వచ్చిన లారీ డ్రైవర్‌ను అవ్వ ఆపింది. చాయ్ కూడా ఇవ్వకుండానే, "అటు ఏమైంది కొడుకా?" అంది.

"తెల్వదవ్వా. జనం మస్తుగున్నరు. నేను దిగలె."

"కారా? మోటార్ సైకిలా?"

"చెప్పిన గద అవ్వా, చూడలె."

అవ్వ లారీని పోనిచ్చి లోపలికి వచ్చింది. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది... నోట్‌బుక్‌లో ఆ వాక్యాన్ని పెన్నుతో కొట్టేశాను. కాగితం చిరిగేదాకా కొట్టేశాను.

మూడోరోజు బాపు డబ్బా తెరిచాడు. అన్నం పాడైపోయింది. పై గిన్నెలో వెల్లుల్లి దంచి చేసిన ఎల్లిగడ్డ కారం. బాలింతకు పెట్టేది. అవ్వ గిన్నెలు తోమి, తుడిచి, డబ్బాను మేకుకు తగిలించింది. "అడగొస్తే ఏం చెప్తం? మనతాన్నే ఉండాలె," అంది.

ఆయన రాలేదు.

ఇప్పుడు నేను డిగ్రీ రెండో ఏడాది. సెలవుల్లో అదే రోడ్డు మీద, పెద్ద అద్దాల ఫుడ్ ప్లాజాలో కౌంటర్ దగ్గర నిలబడుతున్నాను. మొదటి రోజే ఒక కాగితం చేతికిచ్చారు. 'వెల్‌కమ్ సార్. ఈరోజు ఎక్కడికి వెళ్తున్నారు?' ప్రతి మనిషినీ, చిరునవ్వుతో.

నేను "రండన్నా, దూరమా?" అన్నాను.

సూపర్‌వైజర్ పిలిచాడు. "అన్నా ఏందమ్మా? ఇది నీ మేనమామ హోటలా? కాగితంల ఏముంటే గదే అనాలె. పైన కెమెరా ఉంది."

నాకా మాట నోట్లోంచి రాదు... పక్క కౌంటర్ అమ్మాయి మాత్రం గడగడా అడిగేస్తుంది. ఆమె అడిగిన ప్రతిసారీ నేనొక గ్లాసు నీళ్లు వాళ్ల ముందుకు జరుపుతాను. కొందరు తాగుతారు. ఎక్కువమంది తాగకుండానే తాళంచెవులు తీసుకుని వెళ్లిపోతారు. అద్దంలోంచి వాళ్ల బండ్లు కనిపించనంత దూరం పోయేదాకా చూస్తాను. ఈ నెలలో రెండుసార్లు అంబులెన్స్ పోయింది. రెండుసార్లూ ఆ వైపు నుంచి వచ్చినవాళ్లను 'కారా? మోటార్ సైకిలా?' అని అడిగాను...

అవ్వకిప్పుడు చూపు సరిగా లేదు. నేను ఇంటికి రాగానే ఒక్కటే అడుగుతుంది. "ఆ కొడుకు వచ్చిండా?"

మీ ఇళ్లలో బయలుదేరేవాళ్లను ఏమని పలకరించేవారు? కింద రాయండి. చదువుతాను...

ఒకవేళ పదేళ్ల కిందట కొత్తకోట రేకుల హోటల్లో టిఫిన్ డబ్బా మరిచిపోయిన అన్న ఇది చదువుతుంటే... నీ డబ్బా మా ఇంట్లోనే ఉందన్నా. అవ్వ ఇప్పటికీ తుడిచి పెడుతోంది. ఒక్కసారి వచ్చి తీసుకుపో.

ఈసారి నేనేమీ అడగను.