కొండమీద బల్బు

మా అక్క రాత్రి పురుగుల మీద పరిశోధన చేస్తుందని చెబితే జనం ముందు నవ్వుతారు, తర్వాత జాలిపడతారు. అమ్మ రెండూ చేసేది. "ముప్ఫై రెండేళ్లొచ్చాయి, ఇంకా ఈ పురుగుల చదువేంటే? పక్కింటావిడ అడిగితే ఏం చెప్పను?" అని ఫోన్లో మొత్తుకునేది. అక్క అంతా విని, "చలిగా ఉందమ్మా, ఉంటాను" అని పెట్టేసేది.

ఆమె తేల్చాల్సింది ఒకటే. చెట్లు కూడా మొలవనంత ఎత్తులో, మంచు కరిగాక మూడు వారాలే పూసే ఒక తెల్లపువ్వుకి పుప్పొడి మోసేది పగటి తేనెటీగలా, రాత్రి తిరిగే రెక్కల పురుగులా? అందుకని తెల్లవారగానే పూలకి వలగుడ్డ సంచులు తొడిగేది, చీకటి పడగానే తీసేది. పురుగుల్ని లాగని ఎర్ర వెలుగు టార్చి పట్టుకుని పక్కనే కూర్చుని, ఏ పువ్వు మీద ఏ పురుగు వాలిందో రాసుకునేది. ఆ పూలకి గింజ కడితే ఘనత రాత్రి పురుగులదే. రెండు వేసవులు కట్టింది. మూడోసారి కూడా కడితే డాక్టరేటు.

మొదటి రెండేళ్లూ తోడుగా ఇంకో విద్యార్థిని ఉండేది. మూడో ఏడు ఆ పిల్ల ఉద్యోగం దొరికి వెళ్లిపోయింది. కొండమీద వాళ్లుండే రేకుల గదిలో అక్క ఒక్కతే మిగిలింది. రాత్రిళ్లు నాకు ఫోన్ చేసేది. నేను ఎత్తేదాన్ని కాదు. పొద్దున్నే ఆఫీసుకి పోవాల్సినదాన్ని, నా నిద్ర నాకు ముఖ్యం.

ఆ ఏడు గింజ కట్టలేదు.

కారణం అక్కకి తెలుసు. గది బయట గోడకి ఒక బల్బు ఉంది. ఎనిమిదో రాత్రి వెలిగించింది, ఇక ఆర్పలేదు. పూలు గట్టుకి అవతల ఉన్నాయి, అంతదూరం వెలుగు పోదులే అని తనకి తనే సర్దిచెప్పుకుంది. దీపానికి పురుగులు మూగుతాయని పసిపిల్లలకి కూడా తెలుసు. గోడ నిండా వాలిన వాటితో రోజూ కాసేపు మాట్లాడేదట. ఇక పూల దగ్గరికి పోయేవేవి?

"ఆ ఏడు చలి ఎక్కువని రాసెయ్. కోరి కొరివితో తల గోక్కోవడం దేనికి?" అన్నాను. వినలేదు. 'పద్నాలుగు రాత్రులు గది బయట దీపం వెలిగింది. వెలిగించింది నేనే. ఈ లెక్కలు చెల్లవు' అని రాసి ఇచ్చింది.

యూనివర్సిటీలో ఆమె గైడు పిలిచి, "గది లోపల వెలిగించుకోవచ్చు కదమ్మా, బయటెందుకు?" అని అడిగాడు.

"లోపలైతే ఎవరూ రారు సార్" అంది.

ఆయన కాసేపు కాగితాలు తిరగేసి, ఇంకో వేసవి చెయ్యమన్నాడు.

మొన్న అక్క సామాను సర్దుకుంటుంటే నాకు ఏడుపొచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అయినా, "ఈసారి రోజూ రాత్రి నేనే ఫోన్ చేస్తానక్కా. ఒట్టు" అన్నాను.

"వద్దే. మోగితే తెర వెలుగుతుంది" అంది సంచులు మడతపెడుతూ. "ఈసారి ఫోన్ ఆపేసే ఉంచుతాను."