ఒకే ఉప్పు, రెండు డబ్బాలు

నల్లగొండలోని మా కిరాణా దుకాణంలో ఒకే ఉప్పును రెండు పేర్లతో అమ్మేవాళ్లం. హైదరాబాదు నుంచి గులాబీరంగు రాళ్ల ఉప్పు బస్తా వచ్చేది. సగం ఒక డబ్బాలో, సగం మరో డబ్బాలో పోసేవాళ్లం. ఉపవాసాల వాళ్లకు అది సైంధవ లవణం. వెనక గల్లీ ముస్లింలకు లాహోరీ నమక్. తాత పెట్టిన పద్ధతి. కొత్తిమీర కట్ట దగ్గర కూడా బేరం వదలని నేను, ఈ తెలివి మా రక్తంలోనే ఉందని చాలాకాలం మురిసిపోయాను.

మా పెదనాయిన బంగ్లాదేశ్ యుద్ధంలో లాహోర్ వైపు సరిహద్దున మిలిటరీ లారీ నడిపాడు. వయసు మళ్లాక దుకాణం ముందరి స్టూలు ఆయనదైంది. యుద్ధం గురించి ఏమీ చెప్పేవాడు కాదు. సరిహద్దు అవతలి దేశాన్ని మాత్రం రోజూ తిట్టేవాడు. క్రికెట్లో వాళ్లు ఓడిపోతే వచ్చినవాళ్లందరికీ బెల్లం పంచేవాడు. నా బెల్లం.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు, శివరాత్రి ముందు, కాశ్మీర్లో మన జవాన్లు చనిపోయారు. టీవీలో పొద్దస్తమానం అదే. ఆ రోజుల్లోనే వెనక గల్లీ ఆపా వచ్చింది. తాత కాలం నుంచి మా గిరాకీ. పెదనాయిన కూడా ఆమెను అక్కా అన్నట్టు ఆపా అనే పిలిచేవాడు. అరుగుదల చూర్ణంలోకి ఆమెకు ఆ ఉప్పే కావాలి.

"లాహోరీ నమక్ జర ఇయ్యి బేటా."

నేను మూత తీసేలోపే పెదనాయిన లేచాడు.

"గా పేరు గీ దుకాణంల ఎత్తొద్దు. కావాల్నంటే లాహోర్ పోయి తెచ్చుకో."

"నేను పుట్టింది గీ పక్కన పానగల్ల. లాహోర్ ఎటుంటదో నాకేమెరుక? గా దిక్కు పోయొచ్చినోనివి నువ్వు."

అంతే, ఖాళీ సంచితో వెళ్లిపోయింది.

"గా డబ్బ పారబొయ్యి," అన్నాడు పెదనాయిన నాతో.

నిజం చెబితే బేరం తెగుతుందనుకున్నాను. రెండు డబ్బాల్లోంచి చెరో రాయి తీసి ఆయన అరచేతిలో పెట్టాను. "ఇండ్ల లాహోరీ ఏదో చెప్పు."

ఆయన రెండూ నాకి చూశాడు. "గిది సైంధవం. ఇంకోటి చేదుగున్నది."

"రెండు ఒక్క బస్తలయే పెదనాయినా. ప్రతి శివరాత్రికి నువ్వు తినేది లాహోరీ నమకే."

"నన్ను ఎర్రోన్ని చేస్తున్నవా? సైంధవమంటే సింధు దేశపుది. గది మనదే ఉండె."

"మరి లాహోర్ ఎవ్వలది ఉండె?"

ఆయన రాళ్లు రెండూ గల్లా మీద పెట్టాడు. "నా పక్క సీట్ల కూసున్నోడు మళ్ల ఇంటికి పోలే. నీకేమెరుక?"

అన్నేళ్లలో ఆ మాట వినడం అదే మొదలు. ఇక బేరం ఎక్కడ ఆడను? అయినా నా నోరు ఊరుకోలేదు. "మరి గాయనను ఆపా చంపిందా?"

"నేనన్ననా గట్ల?"

"అన్నట్టే ఉండె."

ఆయన టీవీ సౌండు పెంచాడు.

ఉప్పు పొట్లం కట్టుకుని ఆపా ఇంటికి పోయాను. ఆమె పొట్లం ముట్టలేదు. "ఉప్పు ఎక్కడైన దొరుకుతది బేటా. అనగూడని మాటన్నడు. మీ పెదనాయిన్నే తెచ్చియ్యమను." తిరిగొచ్చి ఆయనకు చెప్పాను. "నేనెందుకు పోవాలె? ఆమెనే రమ్మను, ఇస్త," అన్నాడు. మళ్లీ ఆ గల్లీకి, మళ్లీ ఈ గడపకి. ఊళ్లో ఏ బేరమైనా తెంపగలనని గొప్పలు చెప్పుకునే నేను, ఇద్దరు ముసలివాళ్ల మధ్య దళారిలా తిరిగి చెప్పులరగదీసుకున్నాను. ఇద్దరిలో ఒక్కరూ మెట్టు దిగలేదు.

శివరాత్రి దాటాక ఒక పొద్దున పెదనాయిన స్టూలు మీది నుంచి నన్ను కేకేశాడు. ఎదురు దుకాణంలో ఆపా పప్పు, చాయ్‌పత్తా తీసుకుంటోంది.

"చూసినవా? మన తాన ఇన్నేండ్లు తీస్కున్న మనిషి గాడికి పోతాంది. మనమేం జేసినమే ఆమెకు?"

నిజంగానే అడిగాడు. నేను గల్లాలో తల దూర్చి, లేని చిల్లర వెతుక్కున్నాను.