మేస్త్రి బావిలోకి దిగిన రోజు

నా చిన్నప్పుడు పెద్దమందడి చుట్టుపక్కల చెలకల్లో బావులు తవ్వడమే మా ఇంటి పని. ఒడ్డున నలుగురు మోకు పట్టుకుంటే, దాని కొసకు కట్టిన గంపలో కూర్చుని ఒకరు లోపలికి దిగేవారు. దిగినవాడి ప్రాణం ఆ నలుగురి చేతుల్లో ఉండేది.

ఇది మా మేస్త్రికి తెలియక కాదు. అయినా మధ్యాహ్నం కాగానే ఒడ్డు మీదికి కల్లు కుండ తెప్పించేవాడు. తాగినవాళ్లు అలసట చెప్పకుండా పొద్దుగూకేదాకా లాగుతారని ఆయన ఎత్తు. అట్లా తాగిన చేతుల్లోంచే ఒకనాడు మోకు జారింది. రాళ్ల గంప కిందనున్న మా నాయన నడుము మీద పడింది. నాయన మళ్లీ మంచం దిగలేదు. చూడవచ్చిన మేస్త్రి, "వాని నసీబు గట్లుంది, నేనేం జేయాలె" అని, మరునాటి నుంచి మా చిన్నాయనను దిగమన్నాడు. వేరే పని లేక చిన్నాయన దిగాడు. ఈ కొడుకైనా దక్కుతాడో లేదో అని మా నాయనమ్మకు అన్నం సహించేది కాదు. కానీ ఏడవలేదు. కాచుకుని కూర్చుంది.

కొన్నాళ్లకు జల పడింది. జల పడితే మేస్త్రే స్వయంగా దిగి, గంగమ్మకు పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టడం మా పనిలో ఆనవాయితీ. ఆ రోజు మాత్రం ఒడ్డు మీద కల్లు కుండ లేదు. ఉండదని నాయనమ్మకు ముందే తెలుసు. మోకు పట్టే నలుగురితో మాట్లాడి పెట్టుకుంది. మా నాయన ముఖం చూడలేక సిగ్గుపడుతున్నవాళ్లు, అడగగానే ఒప్పుకున్నారు.

పూజ ముగించి మేస్త్రి "లాగుండ్రి" అని కేకేశాడు. గంప సగం దూరం లేచి ఆగింది. నాయనమ్మ తాను తెచ్చిన కల్లు కుండ ఎత్తి, కిందికి కనబడేటట్టు, ఒక్కొక్కరి నోట్లో పోసింది.

"ఓ అవ్వా! ఏం పోస్తున్నవే?"

"కల్లు, నాయనా. ఇయ్యాల నువ్వు మరిచినవు గద, నేనే తెచ్చిన."

"వద్దే! మోకు ఇడుస్తరే!"

"ఇడిస్తే నీ నసీబు."

నలుగురూ ఊగుతూ పాట ఎత్తుకున్నారు. మోకును జానెడు జారనిచ్చారు. మేస్త్రి గావుకేక పెట్టాడు. "నీ కాల్మొక్త అవ్వా" అన్నాడు. తన కొడుకు నడుము ఎట్లా విరిగిందో అందరికీ వినబడేటట్టు చెప్పమంది నాయనమ్మ. చెప్పాడు. ఇక ఏ బావి ఒడ్డునా కల్లు పోయనని గంగమ్మ మీద ఒట్టేశాడు. అప్పుడు లాగించింది. పైకి రాగానే కుండలో మిగిలింది ఆయన నెత్తిన కుమ్మరించింది. అది మజ్జిగ. పొద్దున నేనే చిలికాను. అందరూ పగలబడి నవ్వారు. నేనైతే కడుపు పట్టుకుని నవ్వాను.

ఆ ఒట్టు ఆయన తప్పలేదు. చిన్నాయన ముసలితనం దాకా బతికాడు.

పెద్దయ్యాక నేనూ ముఠా నడిపాను. పొద్దున్నే మోకు పట్టేవాళ్లను ఒక్కొక్కరినీ దగ్గర నిలబెట్టి మాట్లాడించేదాన్ని. నోట కల్లు వాసన వస్తే సొంత మరిదినైనా వెళ్లగొట్టాను. రాతిగుండెదని పేరు పెట్టారు. పెట్టనీ. పక్కకు ఒత్తిగిల్లడానికి మా నాయన రోజూ అమ్మను పిలిచిన పిలుపు వాళ్లు వినలేదు. నేను విన్నాను, పదకొండేళ్లు.